డాక్టరు సీటు

ఆ సాయంత్రం హాల్లో డాక్టరు సీట్లో కూర్చున్నాయన డాక్టరు కాదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. కూర్చున్నాయనకి, ఆయనకి టికెట్టు అమ్మినవాడికి, అమ్మినవాడి అక్కకి. నాలుగో మనిషికి తెలియాల్సిన సమయానికి తెలియలేదు.

అక్క ఆ హాల్లో సీట్లు చూపించే పని చేస్తుంది. చేతిలో ఎప్పుడూ టార్చి ఉంటుంది కాబట్టి అక్కడ అందరికీ ఆమె టార్చక్క. ఆమె కన్నా పెద్దవాడైన మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు. పాట మొదలయ్యాక ఆమె వేదికకి వీపు పెట్టి నిలబడాలి. జనాన్ని చూడాలి. ఎవరు లేచారు, ఎవరు ఫోను తీశారు, ఎవరికి తల తిరుగుతోంది. పేరున్న గాయకులంతా ఆమె వీపు వెనకే పాడి వెళ్ళిపోయారు. ఒక్కరి మొహమూ ఆమె సరిగ్గా చూడలేదు.

మొన్న వేసవిలో అమ్మ పోయింది. మర్నాడే టార్చక్క డ్యూటీకి వచ్చేసింది. ఏడుపు వస్తుందేమోనని జేబులో రెండు రుమాళ్ళు పెట్టుకుంది. రాలేదు. అప్పటినుంచి ఏదీ ఆమె దాకా రావడం లేదు. తిన్నది కడుపులోకి పోతోంది గానీ నాలుక మీద ఆగడం లేదు. ఎవరైనా నవ్విస్తే నవ్వాల్సిన చోట నవ్వుతుంది. "మా అక్క మొహం చూస్తే పాలు కూడా విరగవు, విరగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోతాయి" అంటాడు తమ్ముడు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. మూడో వరసలో ఎడమ గుమ్మం పక్కన ఉన్న చివరి కుర్చీని అమ్మరు. ప్రతి కచేరీకీ ఎవరో ఒక డాక్టరు ఆ కుర్చీలో ఉచితంగా కూర్చుని పాట వింటారు. బదులుగా, హాల్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే లేచి రావాలి. మైకులో 'డాక్టరున్నారా' అని అడగకూడదు. ఎప్పుడో ఒకసారి అలా అడిగితే జనం ఏమైందో ఏమిటోనని గుమ్మాల మీద పడి ఒకర్నొకరు తొక్కుకున్నారట. అందుకే అక్కడ మాటలుండవు. వెనకనుంచి వెళ్ళి ఆ కుర్చీలో ఉన్నవాళ్ళ భుజం మీద రెండుసార్లు తట్టాలి. వాళ్ళు ఏమీ అడక్కుండా లేచి వెంట రావాలి. అంతే.

ఆ రోజు అందరూ పెద్దావిడ అని పిలిచే గాయని కచేరీ. ఇదే ఆఖరు, ఇక పాడను అని ఆవిడే చెప్పింది. టికెట్లు పెట్టీ పెట్టగానే అయిపోయాయి. మధ్యాహ్నం టార్చక్క క్యాంటీన్లో టీ తాగుతుంటే ఫోను మోగింది. ఎప్పుడూ వచ్చే ముసలి డాక్టరు.

"అమ్మా, మెట్టు తప్పి పడ్డాను. మడమ బూరెలా వాచింది. ఇవాళ రాలేను. మీ మేనేజరు ఫోనెత్తడం లేదు, కాస్త నువ్వు చెప్పు. ఇంకెవరినైనా పిలుచుకుంటాడు."

"అలాగే సార్."

మేనేజరు దగ్గర ఇంకా ఇద్దరు ముగ్గురు డాక్టర్ల నంబర్లు ఉన్నాయి. ఒక్క ఫోనుతో అయిపోయే పని.

ఎదురుగా కూర్చున్న తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. తమ్ముడి వ్యాపారమే టికెట్లు. కచేరీలకి ముందే కొన్ని కొని పెట్టుకుంటాడు. ఆఖరి నిమిషంలో రాలేని వాళ్ళ దగ్గర మిగిలినవి కూడా కొంటాడు. అన్నీ గేటు బయట రెండింతలకీ మూడింతలకీ అమ్ముతాడు.

"అంటే మూడో వరస చివరి కుర్చీ ఖాళీ" అన్నాడు.

"ఖాళీ ఏం కాదు. మేనేజరు ఇంకొకర్ని పిలుస్తాడు."

"నువ్వు చెబితే కదా పిలిచేది."

ఆమె ఇంకో గుక్క టీ తాగింది.

"అక్కా, ఇన్నేళ్ళలో ఆ డాక్టరు ఎన్నిసార్లు లేచాడే? పోయినసారి గురక పెడుతుంటే నువ్వే వెళ్ళి లేపానన్నావు. నిద్రపోయేవాడికి మూడో వరస కావాలా? అక్కడ గేటు దగ్గర ఒక్క టికెట్టు కోసం మనుషులు ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు."

"నువ్వు చెప్పే రేటు విని కళ్ళు తిరిగి పట్టుకున్నారేమో."

"అమ్మయ్య, జోకేశావు! బతికే ఉన్నావన్నమాట."

"తప్పురా."

"ఎవరికి తప్పు? కొనేవాడు ఇష్టపడే కొంటున్నాడు. నేను ఇష్టపడే అమ్ముతున్నాను. పాడే ఆవిడకి రావాల్సింది ఎప్పుడో వచ్చేసింది. మధ్యలో ఎవడి నోటిదగ్గర కూడు లాక్కున్నాను? ఇదేమైనా మందా, మంచినీళ్ళా? పాట. వినకపోతే చస్తారా ఎవరైనా?"

"వరసలో నిలబడ్డవాళ్ళకి దొరక్కుండా నువ్వే ఎగరేసుకుపోతున్నావు."

"వరసలో నేనూ నిలబడ్డాను. వాళ్ళవి కాళ్ళు, నావి కర్రలూనా?" తమ్ముడు ముందుకి వంగాడు. "పోనీ, ఆ టికెట్ల సంగతి వదిలెయ్. ఇది మిగిలిపోయిన సీటు. పారేసేదాన్ని ఏరుకుంటే తప్పేంటే?"

తప్పేంటో ఆమెకి తెలుసు. వద్దనాలని కూడా తెలుసు. కానీ వద్దనడానికి కొంచెం ఓపిక కావాలి. వాడు మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ వద్దనాలి, వాడు అలుగుతాడు, బతిమాలాలి. అంతదూరం నడిచే శక్తి ఆమెలో ఎక్కడా కనిపించలేదు. డాక్టరు రాగానే ఇవ్వాల్సిన టికెట్టున్న కవరు ఆమె జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టింది. ఇచ్చాననుకోలేదు. బల్ల మీద పెట్టాను, అంతే అనుకుంది.

కవరు మాయమైంది.

"సగం నీ ఖాతాలో వేస్తాను" అన్నాడు తమ్ముడు లేస్తూ.

"నాకొద్దు."

"దానికి మాత్రం వద్దనడానికి ఓపికుందే నీకు!"

ఆ సీటు కళ్ళజోళ్ళ షాపాయన కొన్నాడు. నిదానస్తుడు, ఇస్త్రీ చొక్కా, కాలేజీ రోజులనుంచీ పెద్దావిడ పాటంటే ప్రాణం. టికెట్టు మీద 'డ్యూటీ డాక్టరు' అని ముద్ర చూసి గతుక్కుమన్నాడు. తమ్ముడు భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవరైనా అడిగితే డాక్టర్నని చెప్పండి సార్. షాపులో మీరూ తెల్లకోటేగా వేసుకునేది? సగం డాక్టరే మీరు."

గేటు దగ్గర టికెట్లు చూసి, చింపి, లోపలికి పంపేది బాబాయి. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ బాబాయి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ టార్చక్క డ్యూటీ కూడా తన నెత్తిన వేసుకుని, లోపలికీ బయటికీ పరిగెత్తి, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తనివాడు.

"కొత్త డాక్టరుగారా?" అన్నాడు బాబాయి ముద్ర చూసి.

షాపాయన గొంతు సర్దుకున్నాడు. "ఆఁ."

"రండి సార్, రండి. అమ్మాయ్, డాక్టరుగారికి సీటు చూపించు."

టార్చక్క ముందు నడిచింది. కుర్చీ మీద వెలుగు వేసింది. ఆయన ఆమె మొహం చూడకుండా కూర్చున్నాడు. వెనక్కి వచ్చాక బాబాయి అడిగాడు. "పాతాయన రాలేదేం?"

"కాలు బెణికిందట."

"పోన్లే. ఈయన బాగున్నాడు. నిద్రపోయే మొహం కాదు."

ఆమె నవ్వాల్సిన చోట నవ్వింది.

పాట మొదలైంది. హాలు నిండిపోయి గోడల పక్కన కూడా మనుషులు నిలబడ్డారు. టార్చక్క మామూలుగా వేదికకి వీపు పెట్టి నిలబడింది. కాసేపటికి నీళ్ళ కోసం బయటికి వస్తే, బాబాయి గేటు పక్క స్టూలు మీద కూర్చుని ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. గుమ్మంలోంచి ఏసీ గాలి చల్లగా కొడుతున్నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదమ్మాయ్. ఇక్కడ రాయి పెట్టినట్టుంది." గుండె మీద చూపించాడు. "పొద్దున్నించీ ఉంది. అదే పోతుంది."

"ఆసుపత్రికి పద. టాక్సీ పిలుస్తాను."

"ఇంత జనాన్ని వదిలేసా? అదీ లోపల డాక్టర్ని పెట్టుకుని! వెన్న చేతిలో పెట్టుకుని నేతి కోసం ఊరంతా తిరిగినట్టుంటుంది. ఇంటర్వెల్‌లో ఆయనకే చూపించుకుంటాను."

ఆయన డాక్టరు కాదు. మూడే మాటలు. అవి ఆమె నోటి దాకా వచ్చి అక్కడ నిలబడ్డాయి. చెబితే ఉద్యోగం పోతుంది, తమ్ముడు ఇరుక్కుంటాడు. అవన్నీ ఆలోచించి భయపడి ఆగిందా అంటే అదీ కాదు. భయమేసినా బాగుండేది. ఏమీ వెయ్యలేదు.

"ఇప్పుడే వెళ్దాం బాబాయ్. నా మాట విను."

"ఇంటర్వెల్ దాకా ఆగు తల్లీ."

అప్పుడే బాల్కనీలోంచి పిలుపు వచ్చింది. ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నాడట, పక్కవాడు లాక్కున్నాడట, ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారట. ఆమె మెట్లెక్కి వెళ్ళింది. ఇద్దర్నీ విడదీసి, ఫోను ఇప్పించి, రెయిలింగు దగ్గరికి వచ్చి కిందకి చూసింది.

ఎడమ నడవలో బాబాయి వంగి నడుస్తున్నాడు. మూడో వరస దగ్గర ఆగాడు. చివరి కుర్చీలో ఉన్నాయన భుజం మీద రెండుసార్లు తట్టాడు.

షాపాయన ఉలిక్కిపడి లేచాడు. పట్టుబడ్డాననే అనుకుని ఉంటాడు. తల వంచుకుని బాబాయి వెంట గుమ్మంలోంచి బయటికి వెళ్ళాడు.

అక్కడినుంచి అరవకూడదు. పాట నడుస్తుండగా సీట్లు చూపించేవాళ్ళు పరిగెత్తకూడదు. టార్చక్క గబగబా మెట్లు దిగి, వెనక వరండా చుట్టూ తిరిగి గేటు దగ్గరికి చేరేసరికి షాపాయన లేడు. బాబాయి స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"గ్యాసట" అన్నాడు.

"ఎవరన్నారు?"

"ఎవరేంటి? డాక్టరుగారు. చెయ్యి పట్టుకు చూశారు. కళ్ళు కిందకి లాగి మరీ చూశారు. చల్లటి నీళ్ళు తాగి కాసేపు కూర్చోమన్నారు. డబ్బివ్వబోతే రెండు చేతులూ జోడించేశాడమ్మాయ్, ఎంత మర్యాదస్తుడో. చేతులు వణుకుతున్నాయి పాపం. ఏసీ పడదనుకుంటా."

అబద్ధం చెప్పి కూర్చున్నవాడు ఆ కుర్చీ పోకుండా ఇంకో అబద్ధం చెప్పాడు. ఆమెకి కోపం రాలేదు. తనైనా అదే చేసేది. చేసింది కూడా.

బాబాయి పెదాలు బూడిదరంగులోకి తిరిగాయి.

"బాబాయ్, లే. ఆయన డాక్టరు…"

గ్లాసు జారింది. తర్వాత బాబాయి జారాడు. స్టూలు పక్కకి ఒరిగింది. ఆయన మొహం నేలకి ఆనింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళతో ఎవరూ చూడటం లేదు.

అప్పుడు టార్చక్క పరిగెత్తింది. గుమ్మం తోసుకుని, ఎడమ నడవ మీదుగా, మూడో వరస దగ్గర ఆగింది. చివరి కుర్చీలో ఉన్నాయన భుజం మీద రెండుసార్లు తట్టింది.

తట్టాక తెలిసింది తనేం చేసిందో. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళని నడిపించింది, చేతిని ఎత్తించింది. తనే ఖాళీ చేసిన కుర్చీ దగ్గరికి తనే పరిగెత్తుకుంటూ వచ్చింది. అక్కడ బాబాయి నేల మీద ఉన్నాడు. ఇక్కడ ఆమె చెయ్యి కళ్ళజోళ్ళు అమ్మేవాడి భుజం మీద ఉంది.

షాపాయన మెల్లగా తల తిప్పాడు.

"నేనేం చెయ్యలేనమ్మా" అన్నాడు వినీ వినిపించకుండా. "నాది అద్దాల షాపు."

ఆమె తలెత్తి వేదిక వైపు చూసింది. పెద్దావిడ అనుకున్నంత పెద్దగా లేదు. చిన్న మనిషి, కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. టార్చక్క పక్క మెట్లెక్కింది. వాద్యగాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. చివరికి పాట ఒంటరిగా మిగిలింది. పెద్దావిడ కళ్ళు తెరిచి ఈమెని చూసి పాట ఆపింది. ఏమిటని అడగలేదు. మైకు ఇటు తిప్పింది.

"డాక్టరున్నారా?" అంది టార్చక్క. తన గొంతు హాలంతా తిరిగి తన దగ్గరికే వచ్చింది. "గేటు దగ్గర మనిషి పడిపోయాడు. డాక్టరున్నారా?"

ఎవరూ గుమ్మాల మీద పడలేదు. ఎవరూ తొక్కుకోలేదు. హాలంతా బిర్రబిగుసుకుని ఉండిపోయింది. తర్వాత బాల్కనీలో ఒక చెయ్యి లేచింది. గోడ పక్కన నిలబడి వింటున్న ఒకమ్మాయి అప్పటికే పరిగెడుతోంది. చివరి వరసల్లోంచి ఇంకెవరో లేచారు. హాలు నిండా డాక్టర్లే. అందరూ చవక సీట్లలో ఉన్నారు.

ఆ అమ్మాయి బాబాయి గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. అలిసిపోతే బాల్కనీ ఆయన అందుకున్నాడు. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆపలేదు. తీసుకెళ్ళేటప్పటికి ఊపిరి ఉంది.

"ఇంకాస్త ముందు చూసుంటే బాగుండేది" అంది ఆ అమ్మాయి చేతులు కడుక్కుంటూ, ఎవరితోనో కాదు, ఊరికే.

లోపల పాట మళ్ళీ మొదలైంది. మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"డాక్టరు సీటు ఖాళీగా ఉందేంటి?" షాపాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు. "ఇప్పుడే డాక్టరుతో మాట్లాడాను. మధ్యాహ్నమే నీకు చెప్పాడట కదా?"

"చెప్పారు సార్."

"మరి నాకు చెప్పలేదేం?"

"సీటు అమ్మేశాను."

మేనేజరుకి అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది, అదే గొంతుతో. ఎవరి ద్వారా అంటే, నేనే అంది. మేనేజరు ఆమె మొహం చూసి చెయ్యి చాపాడు. ఆమె టార్చి ఆ చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక తమ్ముడు ఫోను చేశాడు.

"నా పేరు చెప్పావా అక్కా?"

"లేదు."

అవతల పెద్ద ఊపిరి. "నాకేం తెలుసే ఇలా అవుతుందని? ఊరికే పాటే కదా అనుకున్నాను." ఆగాడు. "డబ్బు వేశాను. చూసుకున్నావా?"

"లేదు."

"ఏదో ఒకటి అనవే. తిట్టు. నాలుగు తిట్టు. అలా ఊరుకుంటే నాకు భయమేస్తోంది."

వాడికి భయమేస్తోంది. వాడు అదృష్టవంతుడు అనుకుంది. ఫోను పెట్టేసింది.

బాబాయిని చూడనిచ్చిన రోజున ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. గది బయట పిన్ని, అంటే బాబాయి భార్య, లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు పాట ఆపకపోతే ఈ మనిషి నాకు దక్కేవాడా తల్లీ? సగం గుండె పోయిందట. సగంతోనైనా ఉన్నాడు. ఇక నిలబడే ఉద్యోగం వద్దన్నారు. వద్దంటే వద్దు, ఇంట్లో కూర్చుని నా మీద అరుస్తాడు, అంతకంటేనా!"

టార్చక్క చేతులు విడిపించుకోలేదు. పిన్నే వదిలాక లోపలికి వెళ్ళింది.

బాబాయి మంచంలో ఇంకా చిన్నగా కనిపించాడు. ఛాతీ మీదనుంచి వైర్లు పక్కనున్న మిషనులోకి వెళ్ళాయి.

"అమ్మాయ్, రా. ఆ డాక్టరుగారెలా ఉన్నాడు?"

"ఏ డాక్టరు?"

"అదే, గ్యాసన్నాయన. నాకిలా అయిందని తెలిసి కుమిలిపోతుంటాడు. మెత్తటి మనిషి. ఎవరైనా పొరబడతారు. ఆయన్నేమీ అనొద్దని మేనేజరుకి చెప్పు."

ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పనక్కర్లేదు. బాబాయే దారి చూపించాడు. ఆ దారిన వెళ్తే మర్నాడు కూడా ఇక్కడికి రావచ్చు, ఎల్లుండీ రావచ్చు, పిన్ని చేతులు పట్టుకుంటుంది.

"ఆయన డాక్టరు కాదు బాబాయ్. కళ్ళజోళ్ళు అమ్ముతాడు. సీటు కొనుక్కుని కూర్చున్నాడు."

బాబాయి కళ్ళు ఆమె మీదకి వచ్చాయి. "ఆ సీటు అమ్మరు కదా."

"నేనమ్మాను."

మిషను తన పని తను చేసుకుపోతోంది. బాబాయి చూపు పైకప్పు మీదకి తిప్పుకున్నాడు.

"నేను కాలు బెణికిందా అనడిగానే, అప్పటికి తెలుసా నీకు?"

"నువ్వడగలేదు బాబాయ్. పాతాయన రాలేదేం అన్నావు. కాలు బెణికిందని నేనే అన్నాను. అప్పటికి తెలుసు."

"గుండె మీద రాయి పెట్టినట్టుందన్నప్పుడు?"

"తెలుసు."



"ఎంతకి?"

తన ఖాతాలో పడిన సగానికి రెండింతలు చేసి చెప్పింది. బాబాయి జీవితమంతా ఆ గేటు దగ్గరే నిలబడ్డాడు. బయట ఏ వరస ఏ రోజు ఎంత పలుకుతుందో ఆయనకి తెలియనిది కాదు.

"పెద్దావిడ ఆఖరి కచేరీ" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మూడో వరస. చివరి కుర్చీ." మళ్ళీ ఆగాడు. "తక్కువకిచ్చేశావమ్మాయ్."

నవ్వాల్సిన చోటో కాదో ఆమెకి తెలియలేదు. చీకట్లో జనం మొహాలు వెతికినట్టు ఆయన మొహం వెతికింది. ఆయన అప్పటికే గోడ వైపు తిరగబోతున్నాడు. వైర్లు అడ్డొచ్చి సగమే తిరగగలిగాడు.

"ఇక రాకు" అన్నాడు గోడతో.

బయట పిన్ని మందుల చీటీ పట్టుకుని నిలబడి ఉంది. "కిందకెళ్ళి మందులు తెచ్చేస్తాను. నేనొచ్చేదాకా లోపల కూర్చుంటావా తల్లీ?"

"ఇక్కడే ఉంటాను పిన్నీ. నువ్వెళ్ళిరా."

లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన, గదికి వీపు పెట్టి నిలబడింది. వరండాలో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూస్తూ ఉంది. వీపు వెనక మిషను ఒకే వరసన చప్పుడు చేస్తోంది. ఆమె తిరిగి చూడలేదు.